రాయికి నీళ్ళు

తలుపు కొట్టగానే తెరుచుకోలేదు. ముందు లోపల బరువైనదేదో నేల మీద బరబరా జరిగింది. ఆ తర్వాత తలుపు సగం తెరుచుకుని, ఆ సగంలోంచి ఇంజనీరు భార్య తొంగి చూసింది.

"గడియ ఊడిపోయిందమ్మా, రాయి అడ్డం పెట్టుకుంటున్నాం," అందావిడ, వచ్చిందెవరని అడక్కుండానే. "చూసుకుని రండి. తడిగా ఉంటుంది."

చూసుకోమన్నా ఉడుం చూసుకోలేదు. బూటు తడి గోనెసంచిలో దిగబడింది. సంచి కింద ఉన్న రాయికి కాలు కొట్టుకుని ప్రాణం లేచొచ్చింది. పళ్ళు బిగబట్టి లోపలికి నడిచి, చూపించిన కుర్చీలో కూర్చుంది.

ఉడుం అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదని వేరే చెప్పక్కర్లేదు. పట్టుకున్న కేసు వదలదని స్టేషన్లో వెనకాల అనుకునే పేరది, ఎదురుపడితే మాత్రం ఇన్‌స్పెక్టర్ మేడం. ఆ వెనకాల పేరు సంగతి ఆవిడకి ఎప్పుడో తెలుసు, తెలిసినట్టు ఎవరికీ తెలియనివ్వలేదు అంతే. యాభై మూడేళ్ళ వయసు, మోకాలి నొప్పి, నోటి దురుసు. ఈ మూడిట్లో ఈమధ్య కొంప ముంచేలా తయారైంది వయసే. యాభై దాటిన ప్రభుత్వోద్యోగుల్లో ఎవరిని ఉంచాలి, ఎవరిని నిర్బంధ పదవీ విరమణ పేరుతో ఇంటికి పంపాలి అని తేల్చడానికి ఒక రివ్యూ కమిటీ కూర్చుంది. నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవిడని ఆ కమిటీ గది బయట బల్ల మీద కూర్చోబెట్టి, ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా పంపించేశారు. దాని అర్థం ఏమిటో ముప్ఫై ఏళ్ళ సర్వీసున్న మనిషికి ఒకరు చెప్పాలా. ఇవాళ సాయంత్రంలోగా కాగితం వస్తుంది. అది చేతిలో పడ్డ క్షణం నుంచి ఆవిడ ఇన్‌స్పెక్టర్ కాదు. కేసు తన పై అధికారి డిప్యూటీకి పోతుంది, ఆయన ఆత్మహత్య అని రాసి మూసేస్తాడు. ఇంజనీరు ఎలా చచ్చిపోయాడో తేల్చడానికి ఉడుం చేతిలో ఉన్నది ఈ ఒక్క పూటే.

"ఆయన్ని ఎప్పుడిస్తారమ్మా?" అని అడిగింది ఇంజనీరు భార్య.

"రేపిస్తారు. డాక్టర్లు రాయాల్సింది ఉంది."

"నిద్రమాత్రలు మింగారంటున్నారు. ఈ ఇంట్లో తలనొప్పి మాత్ర కూడా ఉండదు. ఆయనకి మాత్రలంటే పడదు."

ఊళ్ళో అందరూ చెప్పుకుంటున్న కథ ఉడుంకి కంఠతా వచ్చు. మరణించినాయన ప్రభుత్వ నిర్మాణాల నాణ్యత పరీక్షించే ల్యాబులో ఇంజనీరు. బలవంతంగా రిటైర్ చేయబోతున్నారని తెలిసి మతి చలించింది. నాలుగు రోజుల కిందట ల్యాబు వాకిట్లో, అందరూ చూస్తుండగా, పెద్దింజనీరు కొత్త కారు అద్దం మీద కాంక్రీటు దిమ్మ విసిరాడు. అక్కడికక్కడే సస్పెండ్ అయ్యాడు. మొన్న రాత్రి మాత్రలు మింగి ల్యాబులో నీళ్ళ తొట్టిలో దిగాడు, నిన్న పొద్దున్న తేలాడు. కథ ఎక్కడా అతుకు లేకుండా నున్నగా ఉంది. ఉడుంకి నచ్చనిది ఆ నునుపే.

"కారద్దం పగలగొట్టిన రోజు ఇంటికి ఎలా వచ్చారు?"

ఇంజనీరు భార్య చెప్పాలా వద్దా అని కాసేపు చీర కొంగు నలుపుకుంది. "ఎలా చెప్పనమ్మా. నవ్వుతూ వచ్చారు. అంతకుముందు వారం రోజులు కంచం ముందు కూర్చుని లేచిపోయేవారు. ఆ రోజు మారు అడిగి తిన్నారు. 'సస్పెండ్ చేశాడే, నోరారా చేశాడు, ఇక నా మాట వినక చస్తారా' అన్నారు. ఉద్యోగం పోయినందుకు సంబరపడ్డ మనిషిని నేను ఎక్కడా చూళ్ళేదు. నాకు ఒళ్ళు వణికింది. అందరూ పిచ్చి అంటుంటే కాదనడానికి నాకు నోరు రావట్లేదు."

"ఇంకేమైనా తేడాగా చేశారా?"

ఆవిడ చూపు గుమ్మం వైపు పోయింది.

"ఆ రాయి. నెల దాటింది తెచ్చి. గడియ ఎలాగూ లేదు, తలుపుకి అడ్డం ఉంటుందిలే అన్నారు. దానికి గోనె చుట్టి, పొద్దునా సాయంత్రం నీళ్ళు పొయ్యమన్నారు. రాయికి నీళ్ళేమిటండీ, మొలకెత్తుతుందా అని ఎగతాళి చేశాను. 'మొలకెత్తుతుంది చూడు' అన్నారు. ఎండాకాలంలో మొక్కకి కూడా అంత శ్రద్ధగా పొయ్యలేదు. మొన్న సాయంత్రం ఎవరో ఫోన్ చేశారు, మాట్లాడుకుందాం రమ్మని. చెంబు నా చేతిలోంచి తీసుకుని పక్కన పెట్టి, 'ఈ పూట నేనొచ్చి పోస్తాలే' అని వెళ్ళారు. రాలేదు. తెల్లారి నేనే పోశాను. ఇప్పటికీ పోస్తూనే ఉన్నాను. ఎందుకో నాకే తెలియదు."

ఉడుం గుమ్మం కేసి చూసింది. చెంబు ఇంకా అక్కడే, గోడ వారగా ఉంది. వచ్చి నీళ్ళు పోస్తానన్న మనిషి చావడానికి వెళ్ళాడంటే నమ్మడం కష్టం.

"ఈ రాయి సంగతి పోలీసులతో చెప్పారా?"

"పోలీసులెవరూ గుమ్మం దాటి రాలేదమ్మా. నిన్న ఒక కానిస్టేబులు బయటి నుంచే కబురు చెప్పి వెళ్ళాడు. మీరే మొదలు. అయినా ఎవరికి చెప్పుకోను, నవ్విపోరూ?"

"తలుపు వేసుకోండి. ఎవరొచ్చినా నాకు చెప్పకుండా తియ్యకండి." తన ఫోను నంబరు చెప్పి, ఆవిడ నంబరు తీసుకుని ఉడుం బయటపడింది. వెనకాల రాయి మళ్ళీ బరబరా జరిగి తలుపుకి ఆనుకుంది.

ఉద్యోగుల క్వార్టర్ల వెనకే ల్యాబు, మధ్యలో ఒక సందు. ముసురు పట్టి మధ్యాహ్నమే చీకటి కమ్మింది. ల్యాబులో లైట్లు వేసి ఉన్నాయి.

లోపల మొదట కంటపడింది కాంక్రీటు దిమ్మలు. జానెడు ఎత్తు, జానెడు వెడల్పు, అన్నీ ఒకే అచ్చు. తలుపు కొట్టుకోకుండా ఒకటి, బల్ల కోడు కింద ఒకటి, కాగితాలు ఎగరకుండా ఒకటి. అన్నీ పగిలినవి, మూలలు రాలినవి. గది చివర గోడ పొడుగునా నీళ్ళ తొట్టి. పెద్దింజనీరు దాని గట్టు మీద టీ కప్పు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. నిన్న మనిషి శవాన్ని తీసిన చోట ఇవాళ కప్పు పెట్టుకోగలిగాడంటే గట్టి గుండే అనుకుంది ఉడుం.

"రండి మేడం. చాలా బాధాకరం," అన్నాడాయన. "బంగారంలాంటి మనిషి. చివర్లో మనసు చెదిరింది."

"ఈ దిమ్మలేమిటండీ?"

తెలిసిన సంగతి అడిగితే ఎవరికైనా హుషారొస్తుంది. పెద్దింజనీరు గొంతు సవరించుకున్నాడు. "వీటిని క్యూబులంటాం. స్లాబు పోసేటప్పుడు అదే కాంక్రీటు కొంచెం తీసి అచ్చులో పోస్తాం. గట్టిపడ్డాక నాలుగు వారాలు నీళ్ళలో ఉంచి, ఆ మిషన్లో పెట్టి నొక్కుతాం. ఎంత బరువుకి పగిలిందో చూస్తే స్లాబు బలం తెలిసిపోతుంది. పగిలినవి ఇదిగో, ఇలా తలుపులకీ బల్లలకీ వాడుకుంటాం. మా స్టాఫు ఇళ్ళల్లో కూడా బోలెడు ఉంటాయి."

"నీళ్ళు ఎందుకు?"

"తడి ఉంటేనే కాంక్రీటు బలం పుంజుకుంటుంది. మధ్యలో ఎండిపోతే ఆ క్యూబు లెక్కలోకి రాదు. తొట్టి లేనిచోట తడి గోనె చుట్టి, రోజూ నీళ్ళు పోస్తూ ఉండాలి. చంటిపిల్లని సాకినట్టే."

ఉడుం ముఖంలో ఏ మార్పూ రాలేదు. ముప్ఫై ఏళ్ళ పోలీసు ఉద్యోగం ఆవిడకి జీతం కాక ఇచ్చిన ఆస్తి ఆ ముఖమే. ఇంజనీరు గుమ్మం దగ్గరున్నది పగిలి పనికిరాకుండా పోయిన దిమ్మ కాదు. దాని మూలలు గట్టిగానే ఉన్నాయి, ఇంకా నొప్పెడుతున్న తన బొటనవేలే సాక్ష్యం. అది ఇంకా పరీక్షించని క్యూబు. పరీక్ష రోజు కోసం ఆయన దాన్ని సాకుతున్నాడు.

"ఆయన మీ మీద ఏదో ఆరోపణ చేసేవారట. కొత్త ఆస్పత్రి స్లాబు గురించి."

"ఆ స్లాబు క్యూబులు ఈ ల్యాబులోనే పరీక్ష చేశాం, బ్రహ్మాండంగా నెగ్గాయి. పరీక్షకి పెట్టినవి వేరే క్యూబులని ఆయన వాదన. రుజువేదీ?" పెద్దింజనీరు టీ గుటక వేశాడు. "అలాంటి మనుషులతో వేగలేకే కమిటీ ఆయన్ని రిటైర్ చెయ్యమంది. ప్రజాప్రయోజనం రీత్యా. అందులో మచ్చ ఏమీ లేదు మేడం, పెన్షను పూర్తిగా వస్తుంది."

"సంజాయిషీ కూడా అడగక్కర్లేదు."

"అడగక్కర్లేదు. అది శిక్ష కాదుగా."

"మరి ఆ కాగితం తయారై ఉండగా సస్పెండ్ ఎందుకు చేశారు? అద్దం పగిలితే పగిలింది, కాగితం చేతిలో పెట్టి పంపిస్తే సరిపోయేది."

పెద్దింజనీరు ముఖం కందగడ్డ అయింది. "కొత్త కారండీ. పదిమంది ముందు పరువు తీస్తే కోపం రాదా? నోట్లోంచి వచ్చేసింది. తర్వాత లీగల్ సెక్షన్ వాళ్ళు తల బాదుకున్నారు. సస్పెండ్ చేసి, నేరం మోపి, ఆ తర్వాత రిటైర్ చేస్తే అది ముసుగేసిన శిక్షే అవుతుంది, కోర్టులో నిలబడదు అన్నారు. ఛార్జిషీటు ఇచ్చి విచారణ జరపక తప్పదన్నారు."

"విచారణలో ఆయన నోరు ముయ్యడం ఎవరి తరమూ కాదు."

"ఏం చేస్తాం, రాజ్యాంగం అలా రాశారు. తప్పు చేశాడని తీసెయ్యాలంటే ముందు వాడు చెప్పేది వినాలి, వాడి సాక్షుల్ని పిలవాలి, వాడు తెచ్చిన రుజువు చూడాలి."

"ఇప్పుడా విచారణ ఏమవుతుంది?"

"పోయినవాళ్ళ మీద విచారణ ఏముంటుంది మేడం. ఫైలు మూసేస్తాం," అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడు భుజాలు కాస్త కిందికి దిగాయి. బరువు దించుకున్న మనిషికి అలా దిగుతాయి.

ఇంజనీరుకి పిచ్చి లేదు. గౌరవంగా సాగనంపితే నోరు విప్పే వీలుండదని, కావాలనే నేరం చేశాడు. అద్దం ఖరీదుకి విచారణ కొనుక్కున్నాడు. పెద్దింజనీరు కోపంలో తలుపు తెరిచిపెట్టాడు. ఆ తలుపు మళ్ళీ మూయడానికి మిగిలిన దారి ఒక్కటే, అది ఎవరో మొన్న రాత్రి కానిచ్చేశారు.

ఉడుం తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడింది. గట్టు గుండెల దాకా వచ్చింది. మెట్టు లేదు, దగ్గర్లో స్టూలు లేదు. గుప్పెడు నిద్రమాత్రలు మింగి తూలుతున్న మనిషి ఈ గోడ ఎక్కి లోపలికి దిగాలి. మాత్రలు మింగకుండానే తన మోకాలికి ఇది సాధ్యం కాదు.

శవాన్ని మొదట చూసింది క్యూబులు నొక్కే మిషన్ నడిపే మేస్త్రి. ఆయన్ని మిషన్ అవతలికి తీసుకెళ్ళింది. తల నెరిసిన మనిషి, నిన్నటి నుంచి నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నిన్న పొద్దున్న ఏం చేశారో వరసగా చెప్పండి."

"చెప్పేదేముందమ్మా. రోజూలాగే వచ్చాను. తాళం తీసి, కప్ప మేకుకి తగిలించి, లైటేసి చూస్తే..." మేస్త్రి టక్కున ఆగాడు.

"డిప్యూటీ గారు రాసుకున్న మీ వాంగ్మూలంలో తలుపు తీసే ఉందని ఉంది."

మేస్త్రి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చేతులకి ఏమీ అంటలేదు.

"బయట తాళం వేసి ఉంటే లోపల చచ్చిపోయిన మనిషి వేసుకోలేదుగా, మేస్త్రి గారూ."

"నాకు యాభై నాలుగమ్మా," అన్నాడాయన గొంతు బాగా తగ్గించి. "కమిటీలో నా పేరూ ఉంది. తలుపు తీసే ఉంది అను, నీ పేరు కొట్టించేస్తాను అన్నారు డిప్యూటీ గారు. ఇంటి నిండా జనం. ఏం చెయ్యను?"

"ఇంజనీరు గారి తాళాలు?"

"సస్పెండైన రోజే లాగేసుకున్నారు. ఉన్నది నా దగ్గర ఒకటి, పెద్దింజనీరు గారి బీరువాలో ఒకటి." ఆయన ఒకసారి వెనక్కి చూసుకున్నాడు. "ఆస్పత్రి స్లాబు పోసిన రోజు ఇంజనీరు గారితో నేనూ ఉన్నాను. కలిపిన మాల్‌లో సగం సిమెంటు కూడా లేదు, అంతా ఇసకే. ఆయన ఒక్క క్యూబు తన చేత్తో పోసుకుని, పచ్చిగా ఉండగానే పుల్లతో తేదీ గీశారు. నా పేరు కూడా గీయించారు. విచారణలో సాక్షిగా పిలుస్తాను, అందరి ముందూ నువ్వే మిషన్లో పెట్టి నొక్కాలి అన్నారు. అదెక్కడ దాచారో నాకు తెలియదమ్మా, నిజం. పెద్దింజనీరు గారు తొట్టంతా గాలించారు, దొరకలేదు."

"స్లాబు పోసిన కాంట్రాక్టరు ఎవరు?"

"మీకు తెలియదా?" మేస్త్రి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "డిప్యూటీ గారి బావగారు. సొంత అక్క మొగుడు."

డిప్యూటీకి లాఠీ పట్టుకోవడం దగ్గర్నుంచి వాంగ్మూలం రాయడం దాకా నేర్పింది తనే. పై ఆఫీసర్లను మంచి చేసుకోవడానికి ఆత్మహత్య అంటున్నాడనుకుంది ఇందాకటి దాకా. ఇంటి మనిషి కోసమని ఊహించలేదు.

వాకిట్లో జీపు ఆగింది. డిప్యూటీ లోపలికి వస్తూనే చేతులు చాపాడు. "ఏంటక్కా, ఈ ముసురులో మోకాలి నొప్పేసుకుని ఇక్కడెందుకు? ఫోన్ చేస్తే నేనే వచ్చేవాణ్ణిగా."

"మీకెందుకు శ్రమ, డిప్యూటీ గారూ."

ఆ 'గారూ' ఆయనకి తగలాల్సిన చోటే తగిలింది. జిల్లా పోలీసు పెద్దసారు సెలవులో ఉన్నాడు, ఇన్‌ఛార్జి డిప్యూటీయే. ఇవాళ ఆయన మాటకి ఎదురు లేదు. వెంట వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళు గుమ్మంలో నిలబడ్డారు. ల్యాబు స్టాఫు పని ఆపి చూస్తున్నారు.

డిప్యూటీ జేబులోంచి పొడుగు కవరు తీసి రెండు వేళ్ళ మధ్య పట్టుకున్నాడు. "ఇందులో ఏముందో నీకు తెలుసు. మూడు నెలల జీతం, పూర్తి పెన్షను. నిన్న రాత్రి కూడా వాళ్ళ కాళ్ళా వేళ్ళా పడ్డాను, మా అక్క కాగితం ఆపండి అని. రిపోర్టులో ఆత్మహత్య అని ఒక్క సంతకం పెట్టు. ఈ కవరు ఇక్కడే చింపేస్తాను. ఇంకా ఐదేళ్ళు దర్జాగా ఉద్యోగం చేసుకో."

"పెట్టకపోతే?"

"ఇది నీ చేతిలో పెడతాను. కేసు నేను చూసుకుంటాను."

"ఆయన తొట్టిలోకి ఎలా ఎక్కాడు, డిప్యూటీ గారూ? బయట తాళం ఎలా వేసుకున్నాడు?"

డిప్యూటీ మేస్త్రి వైపు ఒక చూపు చూశాడు. మేస్త్రి తల దించుకున్నాడు.

"పిచ్చివాడి చేష్టలకి లెక్కలు వెతుకుతావేంటక్కా. కొత్త కారు మీద రాయి వేశాడు. సస్పెండ్ చేస్తే పండగ చేసుకున్నాడు. ఇంటికి పోనివ్వండి, రాయికి నీళ్ళు పొయ్యాలి, రాయి ఎండిపోతుంది అని చంటిపిల్లాడిలా ఏడ్చే మనిషి. వాడు ఎలా ఎక్కాడని నన్నడిగితే నేనేం చెప్పను?"

రాయికి నీళ్ళు.

రాయి సంగతి ఆ ఇల్లు దాటి బయటికి రాలేదు. పోలీసులెవరూ గుమ్మం దాటలేదు. నీళ్ళు పోయకుండా ఉండిపోయిన పూట ఆ ఒక్కటే, మొన్న సాయంత్రం. వచ్చి పోస్తానని చెంబు పక్కన పెట్టి వెళ్ళిన మనిషి, మాత్రలు తలకెక్కుతుండగా, ఎవరి ముందు ఏడ్చాడు? విన్నవాడే చెప్పగలడు. తను చెయ్యి పట్టి నేర్పిన పిల్లాడు ఈ గదిలో, ఈ తొట్టి పక్కన నిలబడి ఆ ఏడుపు విన్నాడు. విని కూడా పిచ్చి అనుకున్నాడు తప్ప ఆ రాయి ఏమిటో గ్రహించలేదు. ఆవిడకి కోపం కంటే ముందు దుఃఖం వచ్చింది.

తొట్టి గట్టు మీద టీ కప్పు ఠక్కున పెట్టిన చప్పుడైంది. పెద్దింజనీరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ రాయి ఏమిటో గ్రహించడానికి ఆయనకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇప్పుడు కవరు పుచ్చుకుంటే ఉడుం ఒక మామూలు రిటైరైన మనిషి. డిప్యూటీ ఇందాక అన్న మాట తను విన్నానని ఎక్కడ చెప్పుకుంటుంది, ఎవరు వింటారు? ఇంజనీరుకి వారం కిందట ఎదురైన గోడే ఇది. దాన్ని ఆయన ఎలా దాటాడో ఇందాకే తెలిసింది.

"ఇటివ్వండి," అని దగ్గరికి నడిచింది.

డిప్యూటీ కవరు ముందుకి చాపాడు. ఉడుం కవరు అందుకోలేదు. కుడిచెయ్యి ఎత్తి, ఇన్‌ఛార్జి అధికారి చెంప ఛెళ్ళుమనిపించింది. టోపీ ఎగిరి తొట్టి నీళ్ళలో పడింది.

డిప్యూటీ చెంప మీద నాలుగు వేళ్ళూ తేలాయి.

"యూనిఫాంలో ఉన్న పై అధికారిని కొట్టావు," అన్నాడు. గొంతు అదిరిపోతోంది. "ఇంతమంది చూస్తుండగా కొట్టావు. సస్పెండ్. ఈ క్షణం నుంచి నువ్వు సస్పెండ్. డిస్మిస్ చేయించకపోతే నా పేరు మార్చుకుంటాను."

"రాసివ్వండి."

"రాసిస్తాను. ఏయ్, కాగితం తే." కానిస్టేబులు తెచ్చిన కాగితం మీద అక్కడే, పగిలిన దిమ్మ మీద పెట్టుకుని, కాగితం చిరిగేట్టు రాసి సంతకం గీకాడు. ఉడుం ఆ కాగితం మడతపెట్టి లోపలి జేబులో దాచుకుంది.

"ఇప్పుడు ఆ కవరు కూడా ఇస్తారా? లీగల్ సెక్షన్ వాళ్ళు ఏమంటారో పెద్దింజనీరు గారు ఇందాకే చెప్పారు. సస్పెండ్ చేశాక రిటైర్ చేస్తే అది ముసుగేసిన శిక్షే. కోర్టులో నిలబడదు. నన్ను పంపాలంటే ఛార్జిషీటు ఇవ్వాలి. పై అధికారిని ఎందుకు కొట్టావని అడగాలి. నేను చెబుతాను. రాయికి నీళ్ళు పొయ్యాలని ఎవరు ఏడ్చారో, ఎప్పుడు ఏడ్చారో, మీరెక్కడ నిలబడి విన్నారో అన్నీ చెబుతాను. మీరు కూర్చుని వినాలి."

తన నోట్లోంచి జారిందేమిటో డిప్యూటీకి అప్పుడు తెలిసింది. కవరు ఇంకా ఆయన చేతిలోనే ఉంది.

"మేస్త్రి గారూ, చూశారుగా?"

మేస్త్రి తల ఎత్తాడు. "చూశానమ్మా," అన్నాడు. కాస్త ఆగి మళ్ళీ అన్నాడు, "నిన్న పొద్దున్న తాళం కూడా చూశాను."

డిప్యూటీ చెయ్యి చాపాడు. గొంతు ఇప్పుడు మామూలుగా ఉంది, ఆ మామూలు గొంతు ఆవిడకి భయం పుట్టించింది. "సస్పెండైతే కార్డు ఇచ్చెయ్యాలక్కా. జీపు తాళాలు కూడా. పిస్తోలు కూడా."

ఒక్కొక్కటే బల్ల మీద పెట్టింది. పిస్తోలు తీసి పెట్టాక నడుము దగ్గర వెలితిగా అనిపించింది. డిప్యూటీ దాన్ని అందుకుని తన నడుముకి దోపుకున్నాడు. "ఇంజనీరు కూడా సస్పెండైన రోజు ఇలాగే పొంగిపోయాడు," అన్నాడు ఆవిడకి మాత్రమే వినబడేలా. "విచారణ మొదలవడానికి చాలా రోజులు పడుతుంది. ఈలోపల ఒంట్లో జాగ్రత్త."

ఉడుం చూపు డిప్యూటీ భుజం మీదుగా తొట్టి గట్టు మీదికి పోయింది. టీ కప్పు అక్కడే ఉంది. పెద్దింజనీరు లేడు. వెనక తలుపు బార్లా తీసి ఉంది. ఆ తలుపు క్వార్టర్ల సందులోకి పోతుంది.

చెంపదెబ్బ దగ్గర్నుంచి ఇప్పటిదాకా అందరూ తననీ డిప్యూటీనీ చూస్తున్నారు. ఆయన ఎప్పుడు వెళ్ళాడో ఎవరికీ తెలియదు.

మోకాలి సంగతి మర్చిపోయి ఉడుం పరిగెత్తింది. సందులో వాన నీళ్ళు నిలిచి ఉన్నాయి. పరిగెత్తుతూనే ఫోన్ తీసి నొక్కింది. ఆ క్యూబు లేకపోతే విచారణలో తను చెప్పేది ఉత్త కథ. పై అధికారిని కొట్టిన ఆడమనిషి అల్లుకున్న కథ. మేస్త్రి పేరు గీసి ఉన్న ఆ రాయి ఒక్కటే నిజం చెప్పగలదు.

రెండుసార్లు మోగి ఇంజనీరు భార్య ఎత్తింది.

"అమ్మా, నేను ఇన్‌స్పెక్టర్‌ని. ఏం చేస్తున్నారు?"

"ఇప్పుడే రాయికి నీళ్ళు పోశానమ్మా. ఆయన పోస్తానన్న పూట బాకీ ఉండిపోయింది కదా, ఇవాళ ఒక చెంబు ఎక్కువ పోశాను." గొంతు కాస్త తేరుకున్నట్టుంది. "ఉండండి, ఎవరో తలుపు కొడుతున్నారు."

"తియ్యకండి. ఎవరైనా సరే తియ్యకండి."

ఫోను పక్కన పెట్టిన చప్పుడైంది. దూరం నుంచి ఎవరండీ అని ఆవిడ అడగడం వినిపించింది. తలుపు అవతల నుంచి సౌమ్యంగా ఒక మగ గొంతు ఏదో చెప్పింది.

"అయ్యో, మీరా పెద్దింజనీరు గారూ," అంది ఆవిడ. "ఈ వానలో వచ్చారు. ఒక్క నిమిషం ఆగండి."

ఉడుం ఫోనులోకి అరుస్తూనే ఉంది. అవతల నేల మీద రాయి బరబరా జరిగింది.